బూడిద గుమ్మడి

చంఫాయ్‌లో చీకటితోనే బండి తీశాను.
ఐజ్వాల్ ఇంకా మూడు కొండల అవతల.
వెనక సీట్లలో పదిమంది నిద్ర.
అద్దం మీద మంచు, తుడిచినకొద్దీ మంచు.

మలుపులో ఆ వెదురు కొట్టు.
మనిషి ఉండదు. ఎప్పుడూ ఉండదు.
తట్టలో అల్లం, కట్టలు కట్టిన ఆవాకు,
ఓ మూల పసిపిల్లంత బూడిద గుమ్మడి,
పలక మీద సుద్దముక్కతో ధర: అరవై.
పక్కనే మూతలేని పాలపొడి డబ్బా,
అందులో ఎవరెవరి నిజాయితీయో
నలిగిన నోట్లుగా.

నా జేబులో ఒకటే నోటు, ఐదువందలు.
డబ్బాలో చూస్తే
అంత చిల్లర లేదు.

సాతానుకి కొమ్ములుంటాయని
ఆదివారం బడిలో బొమ్మ చూపించారు.
నలభై ఏళ్లుగా ఆ కొమ్ముల కోసమే కాపలా కాస్తున్నాను.
అతనేమో నా గొంతుతోనే వస్తాడు,
నా యాసతోనే,
నా మీద జాలిపడుతూ.

"ఎంతకని చస్తావు, థువామా!
టైర్లు అరిగిపోయాయి. పిల్ల ఫీజు బాకీ.
ముసలమ్మ పొలంలో ఇలాంటివి ఇంకో ఇరవై ఉంటాయి.
సాయంత్రం ఇటే వస్తావుగా,
అప్పుడు వేద్దువులే."

ఒక్కటి తప్ప అన్నీ నిజాలే.
అదే అతని పనితనం.
నిజాలన్నీ ఏరుకొచ్చి
ఒక్క అబద్ధం చుట్టూ దడి కడతాడు.
సాయంత్రం నేను ఇటు రాను.
లుంగ్లేయికి బేరం ఒప్పుకున్నాను.
ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

కాయని భుజానికెత్తుకున్నాను.
నాలుగడుగులు.
తలుపు తీయబోతుంటే
ఖాళీగా ఉన్న చెయ్యి
దానంతటదే లేచి భుజం దులిపింది.

ఎవరూ దొంగా అనలేదు.
పదిమందీ నిద్రలో ఉన్నారు,
మంచుకి కళ్లు లేవు.
అయినా చెయ్యి భుజం తడుముకుంది.

మా నాన్న రాత్రి ప్రార్థనలో
శోధన అన్న మాట దగ్గర
ఒక ఊపిరంత సేపు ఆగేవాడు.
మర్చిపోయాడనుకుని
పక్కనుంచి మాట అందించేవాణ్ణి.
మర్చిపోయి కాదు.
గుర్తొచ్చి.

జయించడమంటే కత్తీ డాలూ అనుకుంటాం.
నేను చేసిందల్లా
మొదటి సీట్లో నిద్రపోతున్న నర్సుని తట్టి లేపి
"ఐదువందలకి చిల్లరుందా?" అని అడగడం.
"ఇప్పుడా?" అని ఆమె విసుక్కుంది.
సంచీ అంతా గాలించి
ఐదు వందనోట్లు విసిరినట్టు ఇచ్చింది.

డబ్బాలో వంద వేశాను.
నలభై తీసుకుంటుంటే
వేళ్లు ఒక యాభై నోటు మీద
ఒక్క క్షణం ఆగాయి.
అదీ చెప్పాలి.

బండి కదిలింది.
ఒక్క మలుపు తిరిగామో లేదో
అతను మళ్లీ పక్క సీట్లోకి వచ్చాడు.
ఈసారి శాలువా తెచ్చాడు.
"భలేవాడివి! వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పు.
కుర్రాళ్లకి పనికొస్తుంది."

రెండో కొండ దిగేసరికి
సాక్ష్యం తయారైంది.
అందులో అరవై ఆరువందలైంది,
నర్సు కళ్లు చెమర్చాయి,
మంచు కూడా నా ముందు
పాయలుగా విడిపోయింది.
నా మాటలకి నేనే
ఆమెన్ చెప్పుకున్నాను.

ఇంటికి వెళ్లి కాయ గట్టు మీద పెట్టాను.
జోదిని అటూ ఇటూ దొర్లించి చూసింది.
"ఎంత?"
"అరవై."
"ఎక్కువిచ్చావు."

నోరు తెరిచాను.
నాలుక చివర మొత్తం కథ.
మూసుకున్నాను.
ఆ పూట గుమ్మడి కూరలో
ఉప్పు తగ్గిందని కూడా అనలేదు.

మూడేళ్లు ఎవరికీ చెప్పలేదు.
ఇవాళ, అడక్కపోయినా,
మీకు చెప్పేశాను.

ఎక్కడో అతను
శాలువా మడత విప్పుతూ ఉంటాడు.